బండ కింది రేకు

తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్ల ముందు కాసేపు నిలబడండి. నాపబండలను అక్కడ ఎవరూ బండిలో పడుకోబెట్టరు. అంచు మీద నిలబెడతారు. అరలో పుస్తకాలు సర్దినట్టు ఒకదాని పక్కన ఒకటి చేర్చి, క్యాబిన్ వైపు కాస్త వాల్చి, సందుల్లో గడ్డో గోనెపట్టానో దూర్చి తాడు బిగిస్తారు. నొక్కితే తట్టుకునే బలం రాయికి ఎంతో ఉంది, వంచితే తట్టుకునే బలం మాత్రం చాలా తక్కువ. పరిచిన బండ కింద అడుగు ఎగుడుదిగుడుగా ఉంటే మొదటి గుంతకే దాని నడుము విరుగుతుంది. నిలబడ్డ బండకు ఆ గండం లేదు.

బండకు తప్పిన ఆ గండం కింది రేకుకు చుట్టుకుంటుంది. రెండడుగుల చదరం, అంగుళం మందం ఉన్న బండ దాదాపు 25 కిలోలు తూగుతుంది. అది అంచు మొత్తం ఆనించి నిలబడితే బరువు 150 చదరపు సెంటీమీటర్లకు పైగా పంచుకుపోతుంది. ఎక్కించేటప్పుడు మూల మీద ఆనిందంటే ఆ పాతిక కిలోలూ గోరంత చోట పడతాయి. ఆ చోట ఉన్నది ఇనుప రేకు, దాని మీద రంగు. ఫ్యాక్టరీలో వేసే రంగు పొరలన్నీ కలిపినా మందం మిల్లీమీటరులో పదో వంతు, ఒకటి రెండు తలవెంట్రుకలంత. ఆ పొర తెగకుండా అడుగున ఏం పరచాలన్నదే పికప్ కొన్నవాడికి మొదటి వారంలో ఎదురయ్యే ప్రశ్న. ఈ పరుపు చరిత్ర పికప్ కంటే పాతది.

ఎడ్లబండి మీద ఎరువు తోలేటప్పుడు అడుగునా పక్కలా తడకలు కట్టేవాళ్లు. బండి చెక్కది, దానికి తుప్పు భయం లేదు, తడక పని సరుకును నిలపడం. లారీలు వచ్చాక కూడా అడుగు చాలాకాలం చెక్కదే. అమెరికాలో ఫోర్డ్ కంపెనీ 1925 ఏప్రిల్‌లో మోడల్ టీ కారుకు వెనకవైపు తొట్టి బిగించి 281 డాలర్లకు అమ్మింది. ఫ్యాక్టరీ నుంచే పికప్‌గా బయటికొచ్చిన తొలి ఫోర్డ్ బండి అది. ఆ తర్వాత దశాబ్దాల పాటు అక్కడి పికప్పుల్లో చాలావాటికి చెక్క పలకల అడుగే ఉండేది, పలకల నడుమ ఇనుప పట్టీలు. పెట్టెను లాగితే పట్టీ మీద జారాలి, చెక్క గీరుకుపోకూడదు. అంటే ఒకప్పుడు చెక్కను కాపాడటానికి ఇనుము పరిచారు. చెక్క పోయి అడుగంతా ఇనుమయ్యాక, ఆ ఇనుమును కాపాడటానికి మళ్లీ చెక్క, రబ్బరు, ప్లాస్టిక్ వెతుక్కున్నారు.

మన వైపు చిన్న సరుకు బండి చరిత్ర మాటల్లోనే దాగి ఉంది. తెలంగాణలో ఇప్పటికీ "డీసీఎం తెస్తవా, బొలెరో తెస్తవా?" అని అడుగుతారు. వచ్చేది ఐషర్ బండే కావచ్చు, పేరు మాత్రం డీసీఎం. 1980లలో నాలుగు జపాన్ కంపెనీలు మన దేశంలో భాగస్వాములతో కలిసి తేలికపాటి లారీలు చేశాయి: డీసీఎం టొయోటా, ఐషర్ మిత్సుబిషి, స్వరాజ్ మాజ్దా, ఆల్విన్ నిస్సాన్. మొదటిది ఏనాడో మూతపడింది, పేరు మన నోట మిగిలింది. నాలుగోది మన ఇంటిదే. 1942లో నిజాం కాలంలో పుట్టి, బస్సు బాడీలకూ ఫ్రిజ్‌లకూ గడియారాలకూ పేరు తెచ్చుకున్న హైదరాబాద్ ఆల్విన్, నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో లారీల ఫ్యాక్టరీ పెట్టింది. 1989లో దాన్ని మహీంద్రా కొనుక్కుంది. వికారాబాద్ నుంచి బీదర్ వైపు వెళ్లే రైలెక్కితే దారిలో తగిలే జహీరాబాదే ఇది. 2005లో టాటా ఏస్ వచ్చి 'ఛోటా హాథీ' అనిపించుకున్నాక సందుల్లోకి కూడా నాలుగు చక్రాల సరుకు బండి దూరింది. బొలెరో పికప్ దానికంటే బరువు మోసేది కాబట్టి బండలకూ కందులకూ అదే కుదిరింది.

ఇక్కడొక తేడా గమనించాలి, లేకపోతే తప్పు వస్తువు కొంటాం. అమెరికా పికప్ తొట్టి స్నానాల తొట్టిలాంటిది. పక్కగోడలు కదలవు, చక్రాల గూళ్లు లోపలికి పొడుచుకొస్తాయి. మన బొలెరోది బల్లపరుపు అడుగు, మూడు వైపులా కిందికి తెరుచుకునే డాలాలు. తొట్టి ఆకారానికి సరిగ్గా అచ్చుపోసిన ప్లాస్టిక్ పరుపు అమెరికా బండికి పుట్టింది. అది మన దగ్గర అమరేది టొయోటా హైలక్స్, శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ లాంటి వాటికే. బండలు మోసే బండికి అది అత్తగారి రవిక.

ఆ అచ్చు పరుపు చేసేది గట్టి పాలిథీన్‌తో. దాని పుట్టుకా తమాషాయే. 1951లో అమెరికా ఫిలిప్స్ పెట్రోలియంలో హోగన్, బ్యాంక్స్ అనే ఇద్దరు రసాయనవేత్తలు, 1953లో జర్మనీలో కార్ల్ జీగ్లర్ వేరువేరు దారుల్లో దీన్ని సాధించారు. జీగ్లర్‌కు 1963లో నోబెల్ వచ్చింది. ఫిలిప్స్‌కు మాత్రం గోదాముల నిండా అమ్ముడుపోని సరుకు మిగిలింది. 1958లో పిల్లలు నడుముకు తిప్పుకునే హూలా హూప్ పిచ్చి పట్టుకుని ఆ కంపెనీని గట్టెక్కించింది. అదే జాతి ప్లాస్టిక్ ఇప్పుడు నీళ్ల పైపుల్లోనూ ఉంది, ఈ పరుపుల్లోనూ ఉంది. దెబ్బకు పగలదు, రసాయనాలకు లొంగదు. నల్లరంగులో ఎందుకుంటుందంటే అందులో కలిపిన కార్బన్ మసి ఎండ దెబ్బ నుంచి కాపాడుతుంది కాబట్టి.

దాని లోపం నునుపు. జారకుండా ఆపే బలానికీ బరువుకూ ఉన్న నిష్పత్తిని ఘర్షణ గుణకం అంటారు. ఆ ప్లాస్టిక్ మీద అది సుమారు 0.2, రబ్బరు మీద 0.6 దాకా ఉంటుంది. గట్టిగా బ్రేకు తొక్కితే సరుకును ముందుకు తోసే బలం దాని బరువులో 0.4 వంతుకు సులువుగా చేరుతుంది. అంటే తాడు కట్టని పెట్టె ప్లాస్టిక్ మీద జారి తీరుతుంది, రబ్బరు మీద నిలుస్తుంది. వికారాబాద్ నుంచి తాండూరు వెళ్తూ అనంతగిరి ఘాట్ మలుపులు దిగిన డ్రైవర్‌కు ఈ లెక్క పాదానికే తెలుసు.

రెండో రకం పిచికారీ పూత. 1937లో జర్మనీలో ఓటో బేయర్ పాలీయురేథేన్ రసాయనాన్ని కనిపెట్టాడు. (బేయర్ కంపెనీ కుటుంబానికీ ఈయనకూ చుట్టరికం లేదు.) 1980లలో అమెరికాలో టెక్సకో రసాయన సంస్థలో పనిచేసిన డడ్లీ ప్రిమో బృందం దాని దాయాది పాలీయూరియాను పిచికారీకి లొంగదీసింది. రెండు ద్రవాలను వేడిచేసి గట్టి ఒత్తిడితో తుపాకీ మూతి దగ్గర కలుపుతారు. కలిసిన కొన్ని సెకన్లకే రేకు మీద గట్టిపడుతుంది. పాలీయురేథేన్‌కు గాలిలోని తేమంటే పడదు, నీటితో కలిసి కార్బన్ డయాక్సైడ్ బుడగలు కడుతుంది. పాలీయూరియా తేమను అంతగా లెక్కచేయదు. రెండు మూడు మిల్లీమీటర్ల మందాన గరుకుగా, రేకుకు అతుక్కుని ఉంటుంది. చవకరకం ఎండకు వెలిసిపోయి సున్నంలా పొడి రాలుస్తుంది, కానీ అది అందానికి వచ్చే నష్టమే.

అతుక్కుని ఉండటం అన్న మాట దగ్గర ఆగాలి, పరుపు ఎంపికంతా దాని మీదే నడుస్తుంది.

రేకును పాడుచేసేది బండ అనుకుంటాం. గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలతలో తాండూరు బండ లాంటి సున్నపురాయి 3 దగ్గర, మామూలు ఇనుము 4 పైన. తాండూరు బండ రేకును గీయలేదు, సొట్ట పెట్టగలదు, అంతే. గీసేది 7 దగ్గరుండే ఇసుక రేణువు. వారం కిందట మోసిన ఇసుక, టైరుకు అంటుకొచ్చిన మొరం, వీటిలోని నలుసులు బండ అంచు కింద చేరి గరుకు కాగితంలా రంగును తీసేస్తాయి. తర్వాత పని నీటిది.

కేంబ్రిడ్జ్‌లో యూలిక్ ఎవాన్స్ 1920లలో చేసిన ప్రయోగం ఒకటుంది. సానపట్టిన ఇనుప పలక మీద ఒక్క ఉప్పునీటి బొట్టు వేసి ఊరుకున్నాడు. బొట్టు అంచున నీరు పలచన, గాలిలోని ఆక్సిజన్ త్వరగా అందుతుంది. నడిమధ్య లోతు ఎక్కువ, ఆక్సిజన్ అందదు. ఎక్కువ గాలి అందే అంచు తినబడుతుందని ఎవరైనా అనుకుంటారు. జరిగింది తలకిందులు. ఇనుము కరిగింది గాలి అందని నడిమధ్యే. ఆ ఒక్క బొట్టులోనే చిన్న బ్యాటరీ తయారైంది: మధ్యలో ఇనుము కరిగి ఎలక్ట్రాన్లు వదిలింది, అవి అంచుకు ప్రవహించి అక్కడి ఆక్సిజన్‌ను కలిశాయి. రెండింటి మధ్య తుప్పు వలయం కట్టింది.

అడుగున పరిచిన మ్యాటు కింద చేరిన నీరు పెద్ద ఎవాన్స్ బొట్టు. అంచుల దగ్గర రేకు బాగానే కనిపిస్తుంది. చూసేవాళ్లకు సంతృప్తి. నడిమధ్య, ఎవరూ ఎత్తిచూడని చోట, రేకు గుంటలు పడుతుంది. తుప్పు ఇనుము కంటే రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది కాబట్టి మిగిలిన రంగును పొక్కులు కట్టించి లేపేస్తుంది, కొత్త ఇనుము బయటపడుతుంది. వదులుగా పరిచిన ప్లాస్టిక్ పరుపు ఇంకో సాయం చేస్తుంది. బండి అదురుకు అది రేకు మీద రోజంతా రుద్దుకుంటుంది, కింద చేరిన ఇసుక సానరాయి అవుతుంది. కాపాడటానికి వేసిన పరుపే గీరి, తడిపి, దాచిపెడుతుంది. ఉప్పు కలిస్తే బ్యాటరీకి బలం. పొటాష్ ఎరువు అంటే పొటాషియం క్లోరైడ్, ఉప్పుకు తోబుట్టువు. చిరిగిన ఎరువు బస్తా, సంతకు తోలిన మేకల మూత్రం, కడగకుండా వదిలేసిన ఒక్క రాత్రి, వీటికి బండల లోడు కంటే భయపడాలి. 2022లో భౌగోళిక గుర్తింపు అందుకున్న తాండూరు కందులు మాత్రం పొడి సరుకు, పాపం వాటి వల్ల రేకుకు ఏ హానీ లేదు.

కాబట్టి పరుపు ఎంచుకోవడమంటే నీరు ఎటు పోవాలో ఎంచుకోవడం. తొమ్మిదడుగుల పొడవు, అయిదున్నర అడుగుల వెడల్పున్న అడుగు తీసుకుని బరువు కూడా లెక్కేద్దాం, పరుపు కూడా ఒక సరుకే కదా. మూడు మిల్లీమీటర్ల గళ్ల ఇనుప ప్లేటు పరిస్తే వంద కిలోలు దాటుతుంది, నాలుగు బండల కిరాయి రోజూ పోయినట్టే. పైగా ఇనుము మీద ఇనుము, మధ్యలో సందు, ఆ సందులో నీరు. చుట్టూ తెరిపి లేకుండా వెల్డింగ్ చేస్తే తప్ప నేను దానికి ఓటు వేయను. అరంగుళానికి కాస్త మించిన ప్లైవుడ్ యాభై కిలోల చిల్లర, బండ మూల దెబ్బను బాగా మింగుతుంది, కానీ స్పాంజిలా తడి పట్టుకుంటుంది. ఎండాకాలానికి మంచిది, శ్రావణానికి శత్రువు.

సిమెంటు ఫ్యాక్టరీల ఊరైన తాండూరుకు కన్వేయర్ బెల్టు కొత్త వస్తువు కాదు. అరిగి తీసేసిన బెల్టు ముక్క సెంటీమీటరు మందాన, లోపల గుడ్డ పొరలతో, సుత్తి దెబ్బకు కూడా చలించదు. అది కూడా యాభై అరవై కిలోలే. జారదు, మూల దిగినా దెబ్బ పంచుకుపోతుంది. రెండు మూడు ముక్కలుగా కోసుకుంటే ఒక్క మనిషి ఎత్తి ఆరబెట్టగలడు. నా లెక్కలో దానికి ఉన్న గొప్ప గుణం ఈ చివరిదే. బోల్టులతో బిగించేశారో, ఆ గుణం పోయింది. పిచికారీ పూత అడుగుకూ డాలాలకూ కలిపి ముప్పై కిలోల లోపే, సందే ఉండదు, నీరు దూరే దారే లేదు. కానీ రేకును ఇసుకతో గరుకు చేసి, నూనె జిడ్డు తుడిచి, ఆరబెట్టాకే కొట్టాలి. తుప్పు మీద కొడితే తుప్పుకు గొడుగు పట్టినట్టే. అందుకే కొత్త బండికి పూత, పాత బండికి బెల్టు. చేతిలో డబ్బుంటే కొత్త బండికి పూత వేయించి, బండల లోడు రోజున పైన బెల్టు పరచండి. దెబ్బ రబ్బరుది, నీరు పూతది.

ప్లాస్టిక్ పరుపు వేసుకున్నవాళ్లకు ఇంకో జాగ్రత్త. 1998లో అమెరికా వృత్తి భద్రతా సంస్థ ఒక హెచ్చరిక ఇచ్చింది. ప్లాస్టిక్ పరుపున్న పికప్‌లో డబ్బా ఉంచి అలాగే పెట్రోలు పోస్తుంటే మంటలు లేచాయి. పారే పెట్రోలు వల్ల పుట్టే స్థిర విద్యుత్తు మామూలుగా నేలలోకి దిగిపోవాలి. కింద ప్లాస్టిక్ ఉంటే దారి లేక డబ్బాలో పేరుకుని, నాజిల్ దగ్గరికి రాగానే నిప్పురవ్వై దూకుతుంది. మందు కొట్టే పవర్ స్ప్రేయర్లకు పెట్రోలు తెచ్చుకునే రైతులు బంకు దగ్గర డబ్బాను కిందికి దించి నేల మీద పెట్టి పట్టించుకోవాలి. అర నిమిషం పని.

పాత పికప్ కొనబోతే మొదట మ్యాటు మూల ఎత్తమనండి. ఎత్తడానికి అమ్మేవాడు ఇబ్బంది పడితే బేరం తగ్గించండి. నడిమధ్య బొటనవేలితో నొక్కండి, నీరు పోయే చిల్లులు మట్టితో మూసుకున్నాయేమో పుల్లతో పొడిచి చూడండి. మొదటి వానలకు ముందు ఒకసారి, దసరాకు ఒకసారి మ్యాటు తీసి కడిగి ఎండకు వేసే బండిలో రేకు రంగు ఇంకా కంపెనీ రంగే ఉంటుంది. తీయని బండిలో రేకు అచ్చం అనంతగిరి నేల రంగులో ఉంటుంది. ఆ గుట్టల మీది ఎర్రమట్టికి ఆ రంగు తెచ్చిందీ ఇనుప ఆక్సైడే. నల్లరాతిలోని ఇనుము లక్షల ఏళ్ల వానలకు తుప్పుపట్టి ఆ ఎరుపు తేలింది. మ్యాటు కింద దానికి మూడు నాలుగు వానాకాలాలు సరిపోతాయి.