పిల్లలకు ఫిట్స్: గ్రహణం కాదు, అమ్మ తప్పూ కాదు

అనంతపురం నుంచి ఇంకో ఎపిసోడ్.

మా ఊర్లో ఒక అక్క సొంత మేనమామనే చేసుకుంది. ఇద్దరు పిల్లలు. ఇద్దరికీ ఏడాది లోపే ఫిట్స్ మొదలైనాయి, మెడ నిలబడలేదు. "గ్రహణం రోజు బయట తిరిగింటావు" అని అత్తగారు ఒకటే మాటలు. ఆ అత్తగారు ఎవరనుకున్నారు? అక్కకి సొంత అమ్మమ్మే.

అసలు ఏం జరుగుతుందో చూద్దాం. మన డీఎన్ఏ సుమారు 300 కోట్ల అక్షరాల కోడ్. అందులో దాదాపు 20,000 జీన్లు. చాలావాటికి రెండేసి కాపీలు ఉంటాయి: అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. ఒకదాంట్లో బగ్ ఉన్నా రెండోది పని నడిపిస్తుంది. అందుకే మనందరిలో కొన్ని బగ్‌లున్నా తెలీదు. రెండు కాపీలూ పాడైతేనే వచ్చే జబ్బులు కొన్ని ఉన్నాయి. అమ్మానాన్నలిద్దరూ అదే జీన్‌లో బగ్ మోస్తుంటే ప్రతి కాన్పుకీ 25 శాతం రిస్క్. "ఒక బిడ్డకి వచ్చింది, ఇంక రాదులే" అనే లెక్క చెల్లదు.

మేనమామ, మేనకోడలికి జీన్లలో సుమారు నాలుగో వంతు ఉమ్మడి. బావామరదళ్లకి ఎనిమిదో వంతు. తాత దగ్గరున్న బగ్ రెండు దారుల్లో వచ్చి ఒకే బిడ్డలో కలిసే అవకాశం పెరుగుతుంది. అట్లని భయపడొద్దు, మేనరికంలోనూ ఎక్కువమంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు.

బయటి సంబంధమైతే సేఫా? పూర్తిగా కాదు. తరతరాలుగా కులంలోనే పెళ్లిళ్లు జరగడంతో దక్షిణాసియాలో చాలా సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచే వచ్చాయని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారసామి తంగరాజ్ బృందం 2017లో చూపించింది. డ్రావే సిండ్రోమ్ అనే మూర్ఛలో అయితే బగ్ ఎక్కువగా బిడ్డలోనే కొత్తగా పుడుతుంది. కాన్పులో ఆక్సిజన్ అందకపోయినా, మెదడుకి ఇన్ఫెక్షన్ సోకినా ఫిట్స్ రావచ్చు.

అందుకే టెస్ట్. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. బిడ్డతో పాటు అమ్మానాన్నల రక్తం కూడా ఇస్తే, ఏ బగ్ ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చడం సులభం. ఒక్కోసారి "మార్పు ఉంది, అర్థం తెలీదు" అని రిపోర్ట్ వస్తుంది. ప్రపంచ డేటాలో యూరప్ మూలాలవాళ్లే ఎక్కువ కదా, మన మార్పుల్ని పోల్చడానికి సరిపోదు. జీనోమ్ ఇండియా 10,000 మంది భారతీయుల డీఎన్ఏ చదివింది ఈ లోటు కొంతైనా తీర్చడానికే.

పేరు తెలిస్తే ఏం లాభం అంటారా? బయోటినిడేజ్ లోపమైతే బయోటిన్ అనే విటమిన్‌తోనే ఫిట్స్ అదుపులోకి వస్తాయి, తొందరగా పట్టుకోవాలి అంతే. మందు లేని జబ్బయినా, తర్వాతి కాన్పులో మూడో నెలలోనే పరీక్ష చేయించుకోవచ్చు.

రిపోర్ట్ వచ్చినాక అక్క ఒకటే అడిగింది: "అయితే నా తప్పు కాదా?"

కాదక్కా. ఆ బగ్ నీ వైపు నుంచీ, మామ వైపు నుంచీ, రెండు దారుల్లోనూ వచ్చింది. బహుశా నిన్ను అన్న అవ్వ దగ్గర నుంచో, తాత దగ్గర నుంచో. వాళ్ల తప్పూ కాదు.

ఇట్లా మాటలు పడే అమ్మ మీకు తెలిసుంటే, ఈ ఎపిసోడ్ ఆమెకి కాదు, ఆమె అత్తగారికి వినిపించండి.