మైక్రోకంట్రోలర్‌తో తంబురా శ్రుతి

1940లో ఆల్ ఇండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. 1971 దాకా ఆ పట్టు సడలలేదు. హార్మోనియంలో గమకం పలకదన్నది ఒక అభ్యంతరం, స్వరస్థానాలు మన శ్రుతికి కుదరవన్నది మరొకటి. ఆ రెండో అభ్యంతరంలో ఎంత నిజముందో ఇవాళ కొన్ని వందల రూపాయల మైక్రోకంట్రోలర్ బోర్డుతో ఇంట్లోనే విని తేల్చుకోవచ్చు. ఎలక్ట్రానిక్స్ నేర్చుకునే పిల్లలు బజర్‌తో సినిమా పాట మోగించి ఆగిపోకుండా, ఒక తంబురా చేసి చూడాలని నా కోరిక.

షడ్జమాన్ని 240 హెర్ట్జ్ దగ్గర పెట్టుకుందాం. పంచమం దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 360. అంతర గాంధారం ఒకటింబావు రెట్లు, అంటే 300. హార్మోనియం కీబోర్డు మాత్రం స్థాయిని పన్నెండు సమాన నిష్పత్తులుగా పంచుతుంది. అందులో పంచమం 359.6 దగ్గర పడుతుంది, ఇది పెద్ద తేడా కాదు. గాంధారం మాత్రం 302.4కి ఎక్కి కూర్చుంటుంది. ఏ స్వరంలోనైనా అసలు పౌనఃపున్యంతో పాటు దాని రెట్లూ మోగుతుంటాయి. షడ్జమానికి అయిదో రెట్టు 1200, కీబోర్డు గాంధారానికి నాలుగో రెట్టు 1209.5. రెండూ కలిసి మోగితే శబ్దం సెకనుకు తొమ్మిదిసార్లకు పైగా హెచ్చుతూ తగ్గుతూ వణుకుతుంది. ఫిజిక్స్ పుస్తకంలో చదివిన విస్పందనాలు ఇవే. గాంధారాన్ని 300కి దించండి, వణుకు ఆగిపోతుంది.

ఇందుకు మనం వాడే ఆర్డుయినో ఊనో బోర్డులోని ఏటీమెగా328 చిప్పు గడియారం వేగం 16 మెగాహెర్ట్జ్. దానితో వచ్చే ‘టోన్’ అనే రెడీమేడ్ ఆజ్ఞ మనకు చాలదు. అది ఒకసారికి ఒకే స్వరం పలికిస్తుంది, అదీ పూర్ణాంకాల్లోనే. శ్రుతిని 233కి దించితే పంచమం 349.5 కావాలి. ఆ అర అక్కడ దొరకదు.

అందుకే తరంగం ఒక పూర్తి చుట్టును 256 గళ్ల పట్టికగా రాసిపెట్టుకుంటాం. ప్రతి 32 మైక్రోసెకన్లకు, అంటే సెకనుకు 31,250 సార్లు, చిప్పు పట్టికలో ఒక అడుగు వేసి అక్కడున్న అంకెను బయటికి పంపుతుంది. అడుగు ఎంత పెద్దదైతే స్వరం అంత పైకి పోతుంది. 240 హెర్ట్జ్‌కు అడుగు 1.966 గళ్లు, 300కు 2.458 గళ్లు. గడి మధ్యలో ఆగడం ఎలా? స్థానాన్ని 32 బిట్ల సంఖ్యగా ఉంచి, పై 8 బిట్లను గడి నంబరుగా, మిగతా 24 బిట్లను భిన్నంగా వాడతాం. మిగిలిన భిన్నం వృథా పోకుండా తరువాతి అడుగులో కలుస్తుంది. ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికన్నా అందంగా కనిపించేది ఇదే. దీనితో శ్రుతిని హెర్ట్జ్‌లో లక్షో వంతు కన్నా సన్నగా సవరించుకోవచ్చు.

పిన్నుకు తెలిసినవి 0, 5 వోల్టులే. అది సెకనుకు 62,500 సార్లు ఆన్ అయి ఆఫ్ అవుతూ, ఆన్‌లో ఉండే వ్యవధిని అంకెకు తగ్గట్టు మారుస్తుంది. ఆ అతివేగపు చప్పుడును 1 కిలోఓమ్ రెసిస్టర్, 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్ చాలావరకు వడకడతాయి. స్పీకర్‌ను మాత్రం నేరుగా పిన్నుకు కలపొద్దు. పిన్ను తట్టుకునేది గరిష్ఠంగా 40 మిల్లీఆంపియర్లే, 8 ఓమ్‌ల స్పీకర్ అంతకు ఎన్నో రెట్లు లాగుతుంది. మధ్యలో చిన్న యాంప్లిఫయర్ బోర్డు ఉండాలి.

ఇక తంబురా. నాలుగు తీగలకు 180, 240, 240, 120 హెర్ట్జ్. ఒక్కో తీగకు ఒక్కో స్థానం లెక్క, మీటగానే లేచి మెల్లగా తగ్గే శబ్దస్థాయి కావాలి. పట్టికలో వట్టి సైన్ తరంగం రాస్తే చప్పగా ఉంటుంది. అసలు తంబురాకు ప్రాణం పోసేది జీవాళి. బ్రిడ్జి మీద తీగ కింద దూర్చిన ఆ నూలుపోగు పై రెట్లను లేపుతుంది. కాబట్టి పట్టికలో పదో రెట్టు దాకా కలిపి, అయిదోదాన్ని కాస్త పెంచండి. 120 తీగకు అయిదో రెట్టు 600, అది మన 300 గాంధారానికే పై స్థాయి. ఏ తీగనూ గాంధారానికి శ్రుతి చేయకపోయినా అది వినిపిస్తుంది. సంగీతజ్ఞులు స్వయంభూ గాంధారమనేది దీన్నే.

శ్రుతి మార్చడానికి ఒక పొటెన్షియోమీటర్ చాలు. దాన్ని తిప్పితే షడ్జమం మారుతుంది, మిగతావి నిష్పత్తి ప్రకారం వెంట నడుస్తాయి. పక్కన ఒక స్విచ్ కూడా పెట్టుకోండి. హిందోళం లాంటి పంచమం లేని రాగం సాధన చేసే రోజు అది మొదటి తీగను 180 నుంచి 160కి, అంటే మంద్ర మధ్యమానికి, దించుతుంది.