నత్తగుల్లలో పోయిన శకారం

‘మాటలు ఇనబడుతున్నయి గని సమజైతలేవు. చెవి పరీక్ష జేసిన డాక్టరు కాక్లియా అన్నడు. గదేంది?’ అని బోధన్ శక్కర్‌నగర్ నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. చక్కెర ఫ్యాక్టరీ మిల్ హౌస్‌లో పనిచేసి రిటైరైన మనిషి. కాక్లియా అంటే లాటిన్‌లో నత్త, నత్తగుల్ల. మన పుస్తకాల్లో కర్ణావర్తం. జవాబు అయిపోయింది గానీ అక్కడ ఆగడం నా వల్ల కాదు.

చెవి నిండా లాటిన్ సామాన్లే. టింపానమ్ అంటే భేరి. దాని వెనకున్న మూడు చిన్న ఎముకల్లో మాలియస్ సుత్తి, ఇంకస్ దాగలి, స్టేపిస్ గుర్రపు రికాబు. తమాషా ఏమిటంటే రోమన్లు రికాబు లేకుండానే స్వారీ చేశారు. ఆ మాటను మధ్యయుగాల్లో ఎవరో లాటిన్‌కు అంటగట్టారు. భేరి అదురును ఈ ఎముకలు లోపలి నత్తకు అందిస్తాయి. అసలు కథంతా ఆ నత్తలోనే.

విట్రూవియస్ అనే రోమన్ ఇంజనీరు నీళ్లు తోడే మరయంత్రాన్ని కూడా కాక్లియా అనే రాశాడు. ఫ్యాక్టరీల్లో సరుకు జరిపే స్క్రూ కన్వేయర్‌కు ముత్తాత అదే. 16వ శతాబ్దంలో ఫాలోపియో అనే ఇటలీ వైద్యుడు శవాన్ని కోసి, ఆ చుట్టలు చూసి చెవిలోని భాగానికి ఈ పేరు పెట్టాడు. అది ఏం చేస్తుందో ఆయనకేం తెలుసు! అరిస్టాటిల్ కాలం నుంచీ చెవి లోపల గాలి బంధించి ఉంటుందనే నమ్మకం. ఉన్నది ద్రవమని కొటున్యో తేల్చేసరికి 18వ శతాబ్దం వచ్చింది.

చుట్ట విప్పితే సుమారు 35 మిల్లీమీటర్లు. పొడవునా ఒక పొర. దాని మొదట్లో కీచు శబ్దాలు, చివర్లో బొంగురు శబ్దాలు పలుకుతాయి. పొరలోని ఒక్కో పోగు వీణ తీగలా తన స్వరానికి మాత్రమే మోగుతుందని 19వ శతాబ్దంలో హెల్మ్‌హోల్ట్స్ అన్నాడు. తర్వాత బుడాపెస్ట్‌లో టెలిఫోన్ పరిశోధన చేసే బెకెషి శవాల చెవులు తెరిచి, పెద్ద శబ్దం పెట్టి చూశాడు. తీగలేమీ లేవు, పొర మీద ఒక అల పాకుతోంది. ఆ అలకు 1961లో నోబెల్ వచ్చింది. అల నిజమే. కానీ ఆయన చూసిన అల మరీ మొద్దుగా, వెడల్పుగా ఉంది. పక్కపక్క స్వరాలను మనం విడదీస్తున్నామే, అదెలా?

ఈ చిక్కుముడిని 1948లోనే పట్టుకున్నవాడు థామస్ గోల్డ్. యుద్ధకాలంలో రాడార్ల మీద పనిచేసినవాడు. ద్రవంలో మునిగిన పొర ఊగిన మరుక్షణం చల్లబడిపోవాలి, కాబట్టి చెవి సొంత శక్తి పెట్టి ఆ ఊపును పెంచుతూ ఉండాలి అన్నాడు. ఎవరూ లెక్కచేయలేదు. విశ్వానికి మొదలే లేదని అదే ఏడాది ఆయన వేసిన ఇంకో సిద్ధాంతం మాత్రం పేరు మోసి, తర్వాత తప్పని తేలింది. లోకం మెచ్చుకోళ్లు ఇలాగే ఉంటాయి. 1978లో లండన్‌లో డేవిడ్ కెంప్ చెవిలో చిన్న మైకు పెట్టి ‘టక్’మనిపించాడు. కొన్ని మిల్లీసెకన్ల తర్వాత చెవి తిరిగి పలికింది! వినడమే కాదు, చెవి శబ్దం చేస్తుంది కూడా. బతికున్న చెవికే ఇది చేతనవును. బెకెషి శవాలకు ఎక్కడిది?

ఊపును పెంచే ఆ పని బయటి వరస రోమకణాలది. ఒక్కో చెవిలో సుమారు 12,000. శబ్దానికి తగ్గట్టు అవి సెకనుకు వేలసార్లు పొట్టివై, పొడవై పొరను ఎగదోస్తాయి. వాటిని కదిలించే ప్రొటీన్‌ను 2000లో కనిపెట్టి ప్రెస్టిన్ అన్నారు. సంగీతంలో అతివేగాన్ని చెప్పే ‘ప్రెస్టో’ నుంచి తీసిన పేరు. దాని వేరు లాటిన్‌లో ‘సిద్ధంగా, చేతికందేలా’ అనే మాట. చెవి పేర్లలో ఆకారాన్ని కాక పనిని చూసి పెట్టిన ఈ పేరంటే నాకు ముద్దు.

మింగుడుపడని నిజం ఒకటుంది. మనుషుల్లో ఈ కణాలు చస్తే మళ్లీ పుట్టవు. ఏళ్ల తరబడి యంత్రాల మోతలో పనిచేసేవాళ్లకు ముందు దెబ్బ తగిలేది 4,000 హెర్ట్జ్ దగ్గర, నత్త మొదటి చుట్టులో. అచ్చుల బలం కింది స్వరాల్లో ఉంటుంది కాబట్టి అవి నిలుస్తాయి. స, శ, ష బలం పైన ఉంటుంది కాబట్టి అవి పోతాయి. అందుకే మాట వినబడుతుంది, సమజు కాదు. శక్కర్‌నగర్ కాస్తా ‘అక్కర్‌నగర్’ అవుతుంది. పెళ్లి పందిట్లోనైతే అదీ దక్కదు, ఎందుకంటే స్వరాలను విడదీసే పదునూ ఆ కణాలదే. వినికిడి యంత్రం శబ్దాన్ని పెంచగలదు గానీ ఆ పదునును తిరిగి తేలేదు. కొన్న కొత్తలో చాలామంది దాన్ని డ్రాయర్‌లో పడేసేది ఇందుకే. అమ్మేవాళ్లు ఆ ముక్క ముందే చెబితే వాళ్ల సొమ్మేం పోతుంది?

ఇక ఉపయోగాలు. కెంప్ విన్న ఆ ప్రతిధ్వనితోనే నేడు పసికందుల చెవులు పరీక్షిస్తున్నారు. పుట్టిన రెండో రోజైనా చాలు, బిడ్డ నిద్రపోతుండగానే. మన ఫ్యాక్టరీ నియమాలేమో ఎనిమిది గంటల షిఫ్టుకు 90 డెసిబెళ్లు దాటొద్దంటాయి. 2015 చివర్లో మూతపడ్డ బోధన్ ఫ్యాక్టరీని తెరిపిస్తామని నాయకులు అంటూనే ఉన్నారు. తెరిస్తే మొదటి గానుగ సీజన్‌కు ముందే కార్మికులందరికీ చెవి పరీక్ష చేసి, ఆ కాగితం వాళ్ల చేతికే ఇవ్వండి. చెవిలో పెట్టుకునే స్పాంజి బిరడాలకు బెల్లం ముక్క పాటి ఖర్చు కాదు.