వెనక్కి తిరగని లెక్క

‘కార్డు నా జేబులో ఉంది, డబ్బు లెక్క కార్డులో ఉంది. ఇంట్లో కూర్చుని ఆ లెక్క పెంచేసుకుంటే ఎవరాపుతారు?’ పాత టెలిఫోన్ కార్డు చూపిస్తే క్లాసులో ఒక కుర్రాడు వేసిన ప్రశ్న. ప్రీపెయిడ్ కార్డు కథంతా ఇందులోనే ఉంది.

1976లో ఇటలీ మొదలుపెట్టింది. అక్కడ అప్పుడు చిల్లర కరువు. పైగా ఫోన్ల డబ్బాలు పగలగొట్టే దొంగలు. అయస్కాంత పట్టీ కార్డు రెండింటికీ మందే. కాని క్యాసెట్‌లో పాట చెరిపి మరో పాట ఎక్కించినట్టు ఆ పట్టీ మీద అంకెనూ తిరగరాయొచ్చు. జపాన్‌లో అదే జరిగింది. వాడిన కొద్దీ కార్డుకు చిల్లులు పడే ఏర్పాటున్నా, మోసగాళ్లు చిల్లులు పూడ్చి మరీ అమ్ముకున్నారు.

నాకు ముచ్చటేసేది స్విట్జర్లాండ్‌కు చెందిన లాండిస్ అండ్ గీర్ కంపెనీ కార్డు. 1981లో బ్రిటన్ వీధుల్లోకి వచ్చిన ఆకుపచ్చ కార్డు ఇదే. ఇందులో అయస్కాంతం లేదు, చిప్ లేదు. ప్లాస్టిక్ మీద కంటికి ఆనని సన్నని గీతల వరుస అచ్చొత్తి ఉంటుంది. ఫోన్ దానిమీద పరారుణ కాంతి వేస్తుంది. గీతలు ఆ కాంతిని ఒక నిర్దిష్ట కోణంలోకి విరజిమ్ముతాయి. అక్కడున్న సెన్సర్‌కు కాంతి తగిలితే యూనిట్ మిగిలున్నట్టు. మాట్లాడేకొద్దీ ఫోన్‌లోని చిన్న హీటర్ ఒక్కో యూనిట్ గీతలను కరిగించి చదును చేస్తుంది. ఇక కాంతి ఆ కోణంలోకి వెళ్లదు. కరిగించడానికి కాస్త వేడి చాలు. మళ్లీ గీయాలంటే అంత సూక్ష్మమైన అచ్చు కావాలి. అది మోసగాడికెక్కడ దొరుకుతుంది?

ఫ్రాన్స్ మరో దారి పట్టింది. రొలాండ్ మొరెనో 1974లో పేటెంట్ తీసుకున్న చిప్ కార్డు ఆలోచన 1980లలో అక్కడి ఫోన్లకు చేరింది. ఖర్చయిన ప్రతి యూనిట్‌కూ మెమరీలో ఒక బిట్ మారుతుంది. అతినీలలోహిత కాంతితో చెరిపేద్దామంటే కార్డు గుర్తింపు వివరాలూ పోతాయి. వాటిని రాసే దారి ఫ్యాక్టరీలోనే ఫ్యూజు కాల్చి మూసేశారు. గుర్తింపు లేని కార్డును ఫోన్ ఒప్పుకోదు. గెలిచింది చిప్పే. నా ఓటు మాత్రం హీటర్‌కే.

తర్వాత లెక్క కార్డును వదిలి కంపెనీ కంప్యూటర్‌లోకి వెళ్లింది. అమెరికాలో, గల్ఫ్‌లో మనవాళ్లు ఇంటికి ఫోన్ చేయడానికి కొనుక్కున్న గీకుడు కార్డులు ఇవే. చవక, ఏ ఫోన్ నుంచైనా పనిచేస్తాయి. రక్షణ మాటకొస్తే ఒక మెట్టు కిందికే: అందులో ఉన్నది వట్టి పిన్ నంబరు, భుజం మీంచి తొంగిచూసినవాడు కూడా వాడేసుకోవచ్చు.