డబ్బిస్తే ఆట మీద ఇష్టం తగ్గుతుందా?

ఇష్టంగా చేసే పనికి డబ్బు కూడా వస్తే ఆ ఇష్టం రెట్టింపవుతుందని అనుకుంటాం. మనస్తత్వ శాస్త్రం అంత తేలిగ్గా ఒప్పుకోదు. లోపలి ప్రేరణ (ఆడటంలోనే దొరికే ఆనందం) బలంగా ఉన్నచోట బహుమతి వచ్చి చేరితే, ‘దీనికోసమే ఆడుతున్నా’ అనే భావన మెల్లగా పాతుకుపోవచ్చు. అప్పుడు బహుమతి ఆగగానే ఆటా ఆగుతుంది.

అమెరికా కాలేజీల్లో బాగా ఆడేవారికి ఫీజులు, వసతి ఖర్చు భరించే క్రీడా స్కాలర్‌షిప్పులు ఉంటాయి. డీన్ ర్యాన్ అనే పరిశోధకుడు 1980లో ప్రచురించిన అధ్యయనంలో, స్కాలర్‌షిప్ మీద అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే అబ్బాయిలకు ఆట మీద ఇష్టం మిగతావారికన్నా తక్కువగా కనిపించింది. అమ్మాయిల దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడింది. స్కాలర్‌షిప్ ఉన్నవారికే ఇష్టం ఎక్కువ.

ఎందుకిలా? డబ్బు రెండు రకాలుగా మాట్లాడుతుంది. ‘నువ్వు ఆడి తీరాలి’ అంటే అది ముకుతాడు. ‘నువ్వు బాగా ఆడుతున్నావు’ అంటే అది గుర్తింపు. ఫుట్‌బాల్‌లో స్కాలర్‌షిప్పులు విరివిగా ఉండేవి, కాబట్టి దక్కడంలో పెద్ద విశేషం లేదు. చదువులో లింగ వివక్షను నిషేధించిన ‘టైటిల్ నైన్’ చట్టం 1972లో వచ్చేదాకా అమ్మాయిలకు అవి దాదాపు లేవు. అరుదుగా దొరికింది గనుక, వాళ్లకది ప్రతిభకు ముద్రలా తోచి ఉంటుంది.

ఈ ప్రశ్న ఇప్పుడు మళ్లీ ముందుకొచ్చింది. 2021 జులై నుంచి అక్కడి కాలేజీ క్రీడాకారులు తమ పేరు, ఫొటోలతో ప్రకటనలు చేసి సంపాదించుకోవచ్చు. 2025లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో యూనివర్సిటీలే వాళ్లకు నేరుగా చెల్లించే వీలు కలిగింది. ఒక్కో యూనివర్సిటీకి ఏడాదికి సుమారు 2 కోట్ల డాలర్ల పరిమితి. అందులో అమ్మాయిల వాటా ఎంతన్నదే తగవు. తక్కువ ఇస్తే పోయేది డబ్బొక్కటే కాదు, ఆ డబ్బు చెప్పే రెండో మాట కూడా.

అసలు గుర్తింపే రాకపోతే? 2020 జనవరిలో మూడబిదిరిలో జరిగిన అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.03 సెకన్లలో ముగించింది. అప్పటి జాతీయ రికార్డు 13.38. అయినా లెక్కలోకి తీసుకోలేదు. అక్కడ డోపింగ్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధీ లేరు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09. ఈసారి వెనకగాలి సెకనుకు 2.1 మీటర్లు, అనుమతించేది 2 మీటర్లే. అదీ పోయింది.

బయటి బహుమతి మీదే నడిచే ప్రేరణ ఇలాంటి చోటే చతికిలబడుతుంది. సామర్థ్య భావన (నాకు చేతనవుతోందన్న నమ్మకం) మాత్రం ఎవరి సంతకం కోసమూ ఆగదు. రికార్డు పుస్తకం కాదన్నా, పరుగెత్తిన కాళ్లకు తెలుసు. పరుగు పందేల్లో ఉన్న వెసులుబాటే అది. సెలెక్టర్ల దయ మీద ఆధారపడే జట్టు ఆటల్లో అది ఇంత సూటిగా దొరకదు.

కోజికోడ్ తర్వాత నెల తిరిగేసరికి సైప్రస్‌లో జ్యోతి 13.23 సెకన్లలో పరుగు పూర్తిచేసింది. పోయిన రెండింటికన్నా నెమ్మదే, కానీ జాతీయ రికార్డుగా నమోదైంది. అదే ఏడాది అక్టోబరులో బెంగళూరులో 12.82. గాలి హద్దు దాటలేదు.