లక్షల డ్రోనుకు కోట్ల క్షిపణి

2022 సెప్టెంబరు నుంచి ఉక్రెయిన్ నగరాల మీద రాత్రిపూట ఒక మోత వినిపిస్తోంది. అక్కడి జనం దానికి పెట్టిన పేరు మోపెడ్. అది షాహెద్-136 డ్రోన్. పొడవు దాదాపు మూడున్నర మీటర్లు, బరువు 200 కిలోలు. ముక్కులో 40 నుంచి 50 కిలోల పేలుడు పదార్థం, వెనక ఒక చిన్న పిస్టన్ ఇంజను. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది. ముందే ఇచ్చిన చిరునామా వైపు ఉపగ్రహ సంకేతాల ఆధారంగా ఎగిరి, అక్కడ పడి పేలుతుంది. తిరిగి రాదు. రూపకల్పన ఇరాన్‌ది. ఇప్పుడు రష్యా దీన్ని గెరాన్-2 పేరుతో తతర్‌స్తాన్‌లోని అలాబుగాలో సొంతంగా తయారు చేసుకుంటోంది.

దీని ధర మీద అంచనాలు రకరకాలుగా ఉన్నాయి. ఎక్కువగా వినిపించేది 20 వేల నుంచి 50 వేల డాలర్లు. మన లెక్కలో పాతిక, ముప్పై లక్షల రూపాయలు అనుకోవచ్చు. దీన్ని కూల్చగల పేట్రియాట్ ఇంటర్‌సెప్టర్ (వస్తున్న ఆయుధాన్ని గాలిలోనే పేల్చే క్షిపణి) ఒక్కోటి దాదాపు 40 లక్షల డాలర్లు. అంటే 35 కోట్ల రూపాయల దరిదాపు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేసినట్టే ఉంది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది.

కానీ ఈ పోలికలో ఒక లోపం ఉంది. డ్రోన్ ధరను క్షిపణి ధరతో పోల్చి ఆగిపోతే, ఆ డ్రోన్ దేని మీదికి వస్తోందో మరిచిపోయినట్టు. అది విద్యుత్ కేంద్రంలోని భారీ ట్రాన్స్‌ఫార్మర్ మీద పడితే నష్టం కోట్లలో ఉంటుంది. కొత్తది తయారై వచ్చేసరికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాదికి పైనే. ఆ లోపు చలికాలం వస్తే ఊరంతా గడ్డకడుతుంది. ఆ నష్టంతో పోలిస్తే 35 కోట్లు కూడా దండగ కాదు. కాబట్టి డబ్బు లెక్క మొదట కనిపించినంత ఏకపక్షం కాదు.

అసలు చిక్కు సంఖ్యలో ఉంది. పేట్రియాట్‌లో వాడే తాజా రకం క్షిపణులను లాక్‌హీడ్ మార్టిన్ కంపెనీ 2024లో తయారు చేసింది సుమారు 500. అవి అమెరికా సైన్యానికీ కావాలి, మరెన్నో దేశాలకూ కావాలి. రష్యా డ్రోన్లు నెలకు వేలల్లో తయారవుతున్నాయని ఉక్రెయిన్ నిఘా వర్గాల అంచనా. 2025 సెప్టెంబరు 7 నాటి ఒక్క రాత్రే 800కు పైగా డ్రోన్లు, డెకాయ్‌లు వచ్చాయని ఉక్రెయిన్ వైమానిక దళం ప్రకటించింది. డెకాయ్ అంటే మభ్యపెట్టే ఉత్తుత్తి డ్రోన్. ప్లైవుడ్, ఫోమ్‌లతో చేస్తారు. రాడార్ తెర మీద అసలు డ్రోన్‌లాగే కనిపించేలా లోపల ఏర్పాటు ఉంటుంది. దాన్ని కూల్చినా నష్టమే, వదిలేసినా భయమే. ఖజానాలో డబ్బు ఉన్నా, అమ్ములపొదిలో క్షిపణి లేకపోతే మహావేగంతో పైనుంచి పడే బాలిస్టిక్ క్షిపణి వచ్చిన రోజున దాన్ని ఆపేది ఏదీ ఉండదు. అందుకే ఉక్రెయిన్ పేట్రియాట్లను వీలైనంత వరకు ఆ రోజు కోసమే దాచుకుంటుంది.

2025 మే 8, 9 తేదీల మధ్య రాత్రి, డ్రోన్లను గుంపులుగా పంపే ఈ ఎత్తుగడ మన సరిహద్దులోనూ కనిపించింది. పాకిస్తాన్ 36 చోట్ల 300 నుంచి 400 డ్రోన్లు పంపిందనీ, మన గగనతల రక్షణను పరీక్షించి సమాచారం రాబట్టడం వాటి ఉద్దేశం కావచ్చనీ మన సైన్యం చెప్పింది. రాడార్ పనిచేస్తే సంకేతం వెలువడుతుంది. ఫిరంగి పేలితే అది ఉన్న చోటు తెలుస్తుంది. అంటే కూలిపోయిన డ్రోన్ కూడా పంపినవాడికి పని చేసి పెట్టగలదు. ఆ రాత్రి దశాబ్దాల నాటి ఎల్-70 ఫిరంగులు ఎక్కువగా అక్కరకొచ్చాయి. వాటిని ఆధునికీకరించి ఉంచడం వల్ల చవక డ్రోనుకు చవక గుండే సరిపోయింది.

ఉక్రెయిన్‌దీ అదే దారి. పికప్ వాహనాల మీద మెషిన్‌గన్లు అమర్చింది. జనాన్ని హడలెత్తించే ఆ మోతనే ఆధారం చేసుకుని, దేశమంతటా స్తంభాలకు వేల మైకులు బిగించింది. ఏ మైకుకు ముందు వినిపించింది, తర్వాత దేనికి అన్న తేడాను బట్టి కంప్యూటరు డ్రోన్ దారిని గీస్తుంది. రాడార్‌కు చిక్కనంత తక్కువ ఎత్తులో వచ్చినా చెవికి చిక్కుతుంది. ఇక రెండు లక్షల రూపాయల నుంచి దొరికే వేట డ్రోన్లు నేరుగా వెళ్లి షాహెద్‌ను గుద్దుతున్నాయి.

లేజర్ ఇంకో దారి. హైదరాబాద్‌లోని డీఆర్‌డీవో ప్రయోగశాల ‘చెస్’ రూపొందించిన లేజర్ ఆయుధాన్ని 2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గర పరీక్షించారు. అది డ్రోన్లను కూల్చింది. కాల్చిన ప్రతిసారీ అయ్యేది దాదాపు కరెంటు ఖర్చే. అయితే మబ్బు, వాన, పొగమంచు కాంతిని మింగేస్తాయి. పైగా ఒక్కో డ్రోన్ మీద కొన్ని క్షణాలు గురి నిలపాలి. గుంపుగా వస్తే ఆ క్షణాలే కరువవుతాయి.

చవకతనానికి ఇంకో పర్యవసానం ఉంది. దాన్ని ధరల పట్టికలో రాయలేం. యుద్ధరంగంలో ఎక్కువగా వాడేది ఎఫ్‌పీవీ (కెమెరా చూపే దృశ్యాన్ని కళ్లజోడులో చూస్తూ నడిపే చిన్న డ్రోన్). ధర 40 వేల రూపాయల చిల్లర. రోడ్డు మీద సైకిల్ తొక్కుకుంటూ పోయే ఒక్క మనిషి కోసం ఏ సైన్యమూ కోట్ల క్షిపణిని ఖర్చు చేయదు. 40 వేల రూపాయల డ్రోనును మాత్రం ఖర్చు చేస్తుంది. నిప్రో నదికి ఒక ఒడ్డున ఉన్న ఉక్రెయిన్ నగరం ఖెర్సాన్‌లో జరిగింది అదే. నది అవతలి ఒడ్డు నుంచి రష్యా సైనికులు చిన్న డ్రోన్లతో పాదచారులను, కార్లను, అంబులెన్సులను వెంటాడారు. ఐక్యరాజ్యసమితి నియమించిన స్వతంత్ర విచారణ కమిషన్ 2025 మేలో ఈ దాడులను మానవత్వంపై నేరాలుగా తేల్చింది. ఎదుట ఉన్నది ఎవరో కెమెరాలో చూస్తూనే డ్రోన్ నడుపుతారు. కాబట్టి దారితప్పి తగిలిందన్న వాదనకు ఇక్కడ చోటు లేదు.