బండి నీళ్లు తాగదు తమ్మీ, నీళ్లు ఏడికో పోతున్నయి

మన ఊర్లల్ల సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు కొని, కిస్తీలు కట్టుకుంట టాక్సీ తిప్పే పిలగాండ్లు మస్తుమంది ఉన్నరు. షెడ్డుల పని చేసేటోణ్ణి కాబట్టి ఆ బండ్లు నాకు రోజూ కండ్లవడుతయి. డిక్కీల స్టెప్నీ ఉన్నా లేకున్నా ఐదు లీటర్ల నీళ్ల డబ్బా మాత్రం పక్కా ఉంటది. ఏందిరా ఇది అంటే, "అన్నా, బండి జర నీళ్లు తాగుతది" అంటరు. ఏ బండీ నీళ్లు తాగదు. నీళ్లు పోసుడు రిపేరు కాదు, రోగాన్ని దాసిపెట్టుడు.

కూలెంట్ మూసిన దారిల తిరుగుతది. ఇంజిన్ల వేడిని గుంజుకొని రేడియేటర్ల వదిలి, మళ్ల ఇంజిన్లకు వస్తది. వారానికి అర లీటరు తగ్గుతున్నదంటే దానికి ఏడనో తొవ్వ దొరికినట్టే. తొవ్వలు రెండే: ఒకటి బయటికి, ఇంకోటి ఇంజిన్ లోపటికి. బయటికి పోయేది చానసార్లు వందల రూపాయల్ల అయిపోతది. దాన్ని వదిలేస్తే ఇంజిన్ కాగి, హెడ్డు వంగి, పని వేలల్లకు పోతది. ఆ నెల కిస్తీ కూడా దాంతోనే పోతది.

ముందుగాల లెక్క కట్టుండ్రి. పొద్దుగాల ఇంజిన్ సల్లగున్నప్పుడు ట్యాంకు మీద నీళ్ల మట్టానికి మార్కర్‌తోని గీత గియ్యుండ్రి. రాత్రి బండి కింద అట్టముక్క పరుసుండ్రి. మూడు రోజులు చూస్తే ఎంత తగ్గుతుందో, ఏడ కారుతుందో తెలుస్తది. ఏసీ నీళ్లు కూడా కింద పడుతయి, కాకపోతే వాటికి రంగుండదు, వాసనుండదు. కూలెంట్‌కు రంగుంటది, ముట్టుకుంటే జిడ్డుజిడ్డుగ ఉంటది.

తర్వాత మూత. దీన్ని ఎవ్వరూ పట్టించుకోరు. చాన కార్లల్ల ఈ మూత లోపట దగ్గరదగ్గర 1 బార్ ప్రెషర్ ఆపుతది. బయట 100 డిగ్రీలకు మసిలే నీళ్లు, ఆ ప్రెషర్ల 120 డిగ్రీల దాకా మసలయి. మూత స్ప్రింగు సచ్చినా, రబ్బరు పగిలినా నీళ్లు తొందరగ మసిలి బయటికి తన్నుకొస్తయి. అందుకే పెద్ద ఖర్చుకు పోయేముందు మూత చూపియ్యుండ్రి. ఒక్కమాట మాత్రం గట్టిగ యాదిపెట్టుకోండ్రి: ఇంజిన్ వేడిమీదున్నప్పుడు మూత తియ్యొద్దు. ఆ ఆవిరికి మొకం, చేతులు కాలుతయి.

ఇగ పైపులు. క్లిప్పుల కాడ, రేడియేటర్ అంచుల కాడ తెల్లగనో, పచ్చగనో పొడి అంటుకొని ఉంటే అక్కడ కూలెంట్ కారి ఎండిందన్నట్టు. వాటర్ పంప్ కింద ఒక సన్న రంధ్రం ఉంటది, దానిలకెల్లి చుక్కలు పడుతుంటే పంపు సీలు పోయినట్టే. కారు లోపట కాళ్లకాడ మ్యాటు తడిసి తియ్యటి వాసనొస్తే హీటర్ కాడ లీకు. రేడియేటర్ ఫ్యాను తిరుగుతుందో లేదో కూడా చూడాలె. ఫ్యాను తిరగకుంటే లీకు లేకున్నా నీళ్లు మసిలి బయటికొస్తయి.

కంటికి దొరకకుంటే షెడ్డుల ప్రెషర్ టెస్ట్ అడుగుండ్రి. మూత జాగల చిన్న చేతిపంపు పెట్టి గాలి కొడతరు. ముల్లు కిందికి దిగితే ఏడనో లీకున్నది. బయట చుక్క కూడా పడకుంట ముల్లు దిగుతుందంటే నీళ్లు లోపటికి పోతున్నయి.

లోపటికి పోతే గుర్తులు ఇవి: ఇంజిన్ కాగినంక కూడా సైలెన్సర్ల నుంచి తెల్లపొగ ఆగదు. ట్యాంకుల బుడగలు ఆగకుంట వస్తయి. ఆయిల్ కడ్డీ తీస్తే ఆయిల్ పాలచాయ లెక్క కనవడుతది. ఇవన్నీ ఒక్కసారి కనవడాలని ఏం లేదు. ఆయిల్ మంచిగున్నా గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు. ట్యాంకుల ఇంజిన్ గ్యాసు చేరుతుందా అని చూసే రంగునీళ్ల టెస్ట్ ఉంటది, గ్యాసు తగిలితే ఆ నీళ్ల రంగు మారుతది. హెడ్డు ఇప్పేముందు ఈ టెస్ట్ చెయ్యిమనుండ్రి. ఈజీఆర్ కూలర్ ఉన్న డీజిల్ బండ్లల్ల ఆ కూలర్ పగిలినా తెల్లపొగ వస్తది, నీళ్లు తగ్గుతయి. అది చూడకుంట హెడ్డు ఇప్పితే పైసలు దండగ, రోగం మాత్రం అట్లనే ఉంటది.

మనోళ్ల చిట్కాలు కొన్ని ఉన్నయి. రేడియేటర్ల పసుపు పోస్తరు. చిన్న లీకు కొన్నొద్దులు ఆగుతదేమో గాని, ఆ పసుపే సన్న గొట్టాలల్ల పేరుకొని నీళ్లు తిరగనియ్యదు. ఇంకొందరు థర్మోస్టాట్ పీకి పారేస్తరు. దాంతోని లీకు ఆగదు, ఇంజిన్ సరిగ్గ కాగక డీజిల్ ఎక్కువ తాగుతది. బోరు నీళ్లయితే చెప్పనే వద్దు. నీళ్లు కాగబెట్టే గిన్నెకు లోపట తెల్లపొర పడుతది గదా, రేడియేటర్లకు కూడా అదే పొర పడుతది. డిస్టిల్ వాటర్, కూలెంట్ సగం సగం కలిపి పోస్తే తుప్పు కూడా పట్టదు. కలిపే అమ్మే కూలెంట్ అయితే మళ్ల నీళ్లు కలపొద్దు. రంగు చూసి కాదు, బండి పుస్తకంల రాసిన రకం చూసి కొనుండ్రి.

రిపేరు అయినంక గాలి తియ్యాలె. లోపట గాలి బుడగ నిలిస్తే నిండ పోసినా ఇంజిన్ కాగుతది. హీటర్ ఆన్ జేసి, ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాక ఇంజిన్ నడిపిచ్చి, మొత్తం సల్లారినంక మట్టం మళ్ల చూడాలె.

తొవ్వల ముల్లు పైకి లేస్తే ఏసీ బందు జేసి, హీటర్ ఫుల్లు పెట్టి, పక్కకు ఆపి ఇంజిన్ బందు జెయ్యుండ్రి. కాగిన ఇంజిన్ల సల్లటి నీళ్లు పోస్తే హెడ్డు పగులుతది. ముల్లును కూడా పూర్తిగ నమ్మొద్దు. నీళ్లు మొత్తం అయిపోతే సెన్సార్‌కు నీళ్లు తాకక, ముల్లు కిందనే ఉండొచ్చు.

తీసిన కూలెంట్ వాకిట్ల పారబొయ్యకుండ్రి. అది తియ్యగుంటది, కుక్కలు, మేకలు నాకుతయి. దాంట్ల ఉండేది విషం. పిల్లలకు అందకుంట డబ్బాల పోసి మూత పెట్టాలె.

మెకానిక్‌ను అడిగేటందుకు సిగ్గుపడొద్దు. "అన్నా, నీళ్లు ఏడికి పోతున్నయో సూపెట్టు, తర్వాత ఇప్పుదాం" అనుండ్రి. మంచి మెకానిక్ ఆ మాటకు కోపానికి రాడు, వంగి టార్చి పట్టి సూపెడతడు.